పిలవకుండా ఇచ్చిన బియ్యం

1999లో మా ఊరి రేషన్ షాపు నా పేరున నడిచేది. మా ఊరికి రావాలంటే కళ్యాణదుర్గంలో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, శెనక్కాయ చేల మధ్య మూడు కిలోమీటర్లు నడవాలి. ఆ ఏడు అవి పేరుకే చేలు. విత్తనం పడ్డాక వాన మొహం చాటేసింది. అంతకు ముందు రెండేళ్లూ అదే వరస. అలాంటి ఊళ్లో రేషన్ షాపు నడపడమంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. జీతం ఉండదు, బస్తాకు ఇంత అని కమీషన్. నెలలో పది రోజులు ఊరంతా మన వాకిట్లో నిలబడుతుంది, మిగతా ఇరవై రోజులూ మనల్ని తిడుతుంది.

నా పేరు కాశింబీ. మాది దూదేకుల ఇల్లు, మా నాయన పరుపులు కుట్టేవాడు. షాపు మొదట, మా ఇంటికి ఇల్లరికం వచ్చిన మా ఆయన పేరున ఉండేది. ఆయన పోయాక ఆథరైజేషన్, అంటే షాపు నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాగితం, నా పేరుకు మార్చారు. పదో తరగతి దాకా చదివాను కాబట్టి రిజిస్టర్లు రాయడం కష్టం కాలేదు. కష్టమైందల్లా, డీలరంటే దొంగే అన్న జనం నమ్మకంతో. దాన్ని పోగొట్టాలని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కార్డులన్నీ బల్ల మీద దొంతరగా పెట్టించి, పైనుంచి ఒక్కొక్కటే తీసి, ఇంటి పెద్ద పేరూ, ఇస్తున్న సరుకూ, తూకమూ గొంతెత్తి చదివేదాన్ని. నాది మామూలు గొంతు కాదు. నేను వసారాలో నిలబడి పిలిస్తే, ఊరి చివర బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకునేవాళ్లు బిందెలు వదిలేసి వచ్చేవాళ్లు. "కాశింబక్క షాపులో గింజ కింద పడినా ఊరికి ఇనపడతాది" అనేవాళ్లు. ఆ మాటకు పొంగిపోయేదాన్ని, దాచేదేముంది.

ఆ రోజుల్లో బడిలో వంట లేదు. ప్రైమరీ బడి పిల్లలకు ఎనభై శాతం హాజరుంటే నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు. బడి బియ్యం అనేవాళ్లం. బస్తాలు బడికే వచ్చేవి. నెలాఖరు శనివారం హెడ్మాస్టరు వెంకటరమణ సారు తక్కెడ పట్టుకుని కూర్చుంటే, పిల్లలు గుడ్డసంచులతో వరసలో నిలబడేవాళ్లు. బడికి ఉన్నవి రెండు గదులు. ఒక గదిలో బస్తాలు, బస్తాల సందుల్లో ఎలుకలు. రెండో గదిలో ఐదు తరగతుల పిల్లలు. ఒకరోజు సారు నా షాపుకొచ్చి నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, నేను పాఠాలు చెప్పల్నో ఎలకలు పట్టల్నో తెలీకుండా ఉండాది."

"బస్తాలు నా ఈడ దింపించు సారూ. నువ్వు పిల్లోల్లకు చీటీలు రాసియ్యి. వాళ్లమ్మో నాయనో చీటీ తెచ్చి, బియ్యం తీసకపోతారు" అన్నాను.

ఈ సలహా నాదేనని గుర్తుపెట్టుకోండి. సారు మండలాఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాడు. నవంబరు నుంచి చీటీలు మొదలయ్యాయి. చీటీ మీద పిల్ల పేరు, తండ్రి పేరు, తరగతి, హాజరు, సారు సంతకం, బడి ముద్ర ఉండేవి. నెలాఖరు దాకా చీటీ చెల్లుతుంది. దాటితే ల్యాప్స్, అంటే ఆ బియ్యం ఇవ్వడానికి ఇక వీల్లేదు, మిగులు కింద చూపించాలి.

చీటీలు బాగానే పనిచేశాయి, అబద్ధమెందుకు చెప్పాలి. కూలికి పోయే ఆడవాళ్లు పని నుంచి వస్తూ వస్తూ తమకు వీలైన రోజు తీసుకుపోయేవాళ్లు. ఒకటో తరగతి పిల్లలు మూడు కిలోలు మోయలేక దారి పొడుగునా ఒలకబోసుకోవడం తప్పింది. బడి గది ఖాళీ అయింది. చీటీలకు కూడా నేను నా పద్ధతే పెట్టాను. "సుంకన్న కూతురు లచ్చుమి, మూడో తరగతి, మూడు కిలోలు!" అని కేక వేసి తూచేదాన్ని.

మొదటి నెలాఖరున చూసుకుంటే మూడు చీటీలు రాలేదు. మూడూ ఓబిరెడ్డి పిల్లలవే. పెద్దపిల్ల సుజాత నాలుగో తరగతి, మిగతా ఇద్దరూ చిన్నవాళ్లు.

ఓబిరెడ్డి తల్లి అచ్చమ్మ. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మా వసారాకు ఎదురుగా సన్నటి సందు, సందు దాటితే ఆమె ఇంటి పెరటి గోడ. ఒకప్పుడు ఆ ఇంటి కింద ముప్పై ఎకరాలు, రెండు జతల ఎద్దులు. ఇప్పుడు చేను ఉంది, చేలో ఏమీ లేదు; చేను ఉందని తెల్లకార్డూ లేదు. ఓబిరెడ్డి నాలుగు బోర్లు వేయిస్తే నాలుగింట్లోనూ దుమ్మే లేచింది. ఎద్దులు అమ్ముడుపోయాయి, ఓబిరెడ్డి బెంగుళూరు పోయాడు. అక్కడ కాంట్రాక్టు పనులు చూస్తున్నాడని అచ్చమ్మ పెద్దమ్మ చెప్పేది. ఇటుకలు మోస్తున్నాడని ఊరందరికీ తెలుసు. ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

డిసెంబరులోనూ ఆ మూడు చీటీలు రాలేదు. జనవరిలోనూ రాలేదు. బడిలో బస్తాలున్నప్పుడు ఆ పిల్లలు అందరితోపాటు సంచులు పట్టుకుని నిలబడినవాళ్లే. ఇప్పుడేమొచ్చిందని నాకు ఒళ్లు మండింది. ల్యాప్స్ అయిన ప్రతి కిలోకూ ఆఫీసులో నేను సంజాయిషీ చెప్పుకోవాలి. జనవరి చివరి రోజు, వసారా నిండా జనం ఉండగా, మిగిలిన బస్తా చూపించి నేనే అన్నాను.

"పెద్దింటోల్లకు ఈ రేషన్ బియ్యం గొంతు దిగతాదా? వాళ్లకు సన్నబియ్యం కావల్ల!"

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం, బడికి అన్నం బెల్లు కొట్టిన వేళ, షాపులో ఎవరూ లేరు. సుజాత వచ్చింది. రెండు జడలు, మోకాలి దగ్గర అతుకేసిన లంగా, చేతిలో సాంఘికశాస్త్రం పుస్తకం. అటూ ఇటూ చూసి, పుస్తకం తెరిచింది. పేజీల మధ్య చీటీలు నున్నగా పరిచి ఉన్నాయి. నవంబరు నుంచి ఒక్కటి కూడా పోలేదు.

"అత్తా, పిలవకుండా ఇస్తావా?"

"ఏమి పిలవకుండా?"

"మా నాయన పేరు. నువ్వు పిలిస్తే మా అవ్వకు ఇనపడతాది."

ఇనపడితే ఏమైతాదని అడిగాను. పిల్ల గబగబా చెప్పుకుపోయింది. బడిలో ఇచ్చినప్పుడు వాళ్లవ్వ ఆ బియ్యాన్ని హాజరుకు ఇచ్చిన బహుమానం అనుకునేదట. మా పిల్ల ఒక్కరోజు కూడా మానలేదని పక్కింటివాళ్లకు చెప్పుకునేదట. చీటీ తెచ్చిన మొదటి రోజు మాత్రం, రేషన్ షాపులో మనింటి పేరు పిలిపించుకోవాల్నా, చించెయ్యి అన్నదట.

"చింపలేదే మరి?"

"సారు సంతకం ఉండాది కదా అత్తా. చింపితే కొడతాడేమో అని."

"ఇంట్లో ఏం తింటాండారు?"

పిల్ల పుస్తకం మూసి, వేరే మాట చెప్పింది. "శివరాత్రి అయినాంక ఆదివారం అందరమూ బెంగుళూరు పోతాండాము. నాయన పనిచేసే కాడ గుడిసెలుండాయంట, బడి లేదంట. ఇంట్లో బియ్యముంటే పిల్లోల్లను అవ్వ కాడ ఇడిసిపెట్టి పోతాంటి అని అమ్మ ఏడ్చింది. నాకు బడి మానేది ఇష్టం లేదు అత్తా."

అప్పటికి శివరాత్రికి పది రోజులు కూడా లేదు. పాత చీటీలు ల్యాప్స్, వాటికి నేను ఒక్క గింజ కూడా ఇవ్వలేను. ఫిబ్రవరి చీటీలు మూడూ చెల్లుతాయి, తొమ్మిది కిలోలు. అయితే పెద్దవాళ్ల సంతకం లేనిదే ఇవ్వకూడదు. ఇచ్చినా ఈ పిల్ల తొమ్మిది కిలోలు ఏ చెంగులో దాచుకుని ఇంట్లోకి పోతుంది? చీటీలు భద్రంగా పెట్టుకోమని చెప్పి బడికి పంపించాను. ఊరి అనుమానం పోవడానికి నేను వేసిన కేకలే ఆ ఇంటి పొయ్యిలో నీళ్లు పోశాయని తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం సారు దగ్గరికి పోయాను. ఆ ఒక్క ఇంటి బియ్యం బడిలోనే ఇవ్వరాదా అన్నాను.

"ఆర్డరు మారిపోయింది కదక్కా. ఒక ఇంటికి ఈడ ఇస్తే, మాకెందుకు ఇయ్యవని మిగతావాళ్లు అడగరా? అయినా ఆ పిల్ల నా తరగతిలో ఫస్టు. ఏమన్నా చెయ్యి" అన్నాడు. ఏమన్నా అంటే ఏమిటో ఆయనకూ తెలియదు.

మరునాడు షాపు వసారాలో కూర్చుని ఇంటికి బియ్యం చెరుగుతున్నాను. రాళ్లు ఏరి, నూక పక్కకు తోసి, చేతిలోని చేట వంక చూస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక కరువొచ్చింది. మా నాయనకు పరుపులు కుట్టించుకునేవాళ్లే లేరు. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని అచ్చమ్మ పెద్దమ్మ పెరటి వాకిలి దగ్గరికి పోయి నిలబడేది. "చేట ఇస్తావా అక్కా, మా చేట చినిగిపోయింది" అని అడిగేది. అచ్చమ్మ పెద్దమ్మ లోపలికి పోయి, చేట నిండా జొన్నలు పోసి, పైన గుడ్డ కప్పి తెచ్చి, మాట్లాడకుండా చేతికిచ్చేది. జొన్నలు పోసుకుని, ఖాళీ చేట మేము తిరిగి ఇచ్చేవాళ్లం. లేని ఇళ్ల ఆడవాళ్లందరూ ఆ కరువులో ఆ చేటనే అడిగారు. జొన్నలు కావాలని ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు. ఇచ్చానని ఆమె కూడా ఎన్నడూ, ఎవరితోనూ అనలేదు.

నేను లేచి, నా చేట గోడకు తగిలించి, సందు దాటి ఆ పెరటి వాకిలి దగ్గరికి పోయాను. నాలుగు గంటల వేళ. అచ్చమ్మ పెద్దమ్మ గడప మీద కూర్చుని చింతగింజలు ఒలుస్తోంది.

"ఎవరమ్మా?"

"నేనే పెద్దమ్మా, కాశింబీని. చేట ఒకటి కావల్ల. బియ్యంలో రాళ్లుండాయి. నా చేట చినిగిపోయింది."

ఆమె చింతగింజలు పక్కన పెట్టింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మేకుకున్న చేట తీసి ఇచ్చింది.

"తొందరగా తెచ్చియ్యి" అంది.

షాపుకు పోయి మూడు కిలోలు తూచాను. చేటలో పోసి, ఉతికిన తువ్వాలు కప్పాను. అటూ ఇటూ చూసుకుంటూ సందు దాటాను. ఆమె చేట విసిరికొడితే? ఊళ్లోవాళ్లు ఎవరైనా చూస్తే? ఆ పిల్ల చదువు నా చేతుల్లో ఉన్నట్టనిపించి ఇంకా భయమేసింది. చేట ఆమె ముందు పెట్టాను. ఆమె తువ్వాలు కొస ఎత్తి చూసింది.

"ఇది ఎవరి బియ్యం?"

"నీ మనవరాలిది పెద్దమ్మా. ఒక్కరోజన్నా బడి మానలేదు కదా, దాని బియ్యం. ఇంగా రెండు చేటలుండాయి, చిన్నోల్లవి."

ఆమె తువ్వాలు కొస మళ్లీ కప్పింది. పెరట్లో కోడి ఒకటి తిరుగుతుంటే దాన్ని అదిలించింది. ఆ తర్వాత నెమ్మదిగా అంది.

"మీ యమ్మ గూడా ఇట్లనే చెప్తా ఉండె, చేట చినిగిందని."

"నీకు తెలుసునా పెద్దమ్మా?"

"మీ ఇంటి గోడకు తగిలించిన చేట ఈడికి కనపడతా ఉండె కదమ్మే. ఇప్పుడు గూడా కనపడతాండాది, సూడు."

వెనక్కి తిరిగి చూస్తే, మా గోడకు నా చేట నిక్షేపంగా వేలాడుతోంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో గానీ, నన్ను చూసి ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పోయిన నెల నువ్వన్న మాట గూడా ఇనపడింది" అంది కొంగు దించి.

"తప్పయింది పెద్దమ్మా."

"తప్పయితే గొంతు తగ్గించు."

ఇంకో రెండు సార్లు తిరిగాను. మూడోసారి రిజిస్టరు తువ్వాలు కిందే పెట్టుకుని పోయి, సంతకం కావాలన్నాను. ఆమె లోపలికి పోయి మూడు చీటీలు తెచ్చింది. సుజాత పుస్తకంలో ఏమి దాచుకుందో ఆమెకు ఎప్పుడో తెలుసు. చూపుడు వేలితో గడి తడిమి చూసుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ అచ్చమ్మ అని మూడు గడుల్లోనూ రాసింది.

శివరాత్రి అయ్యాక ఆదివారం బస్సుకు ఆమె కోడలు ఒక్కతే పోయింది. పిల్లలు ముగ్గురూ అవ్వ దగ్గరే ఉండిపోయారు. తొమ్మిది కిలోలతో నలుగురికి నెలంతా గడవదు, నాకు తెలుసు. రాగిపిండి కలిపి సంగటి చేసి, ఊరుబిండి నంజుకుని, సగం కడుపుతోనైనా గడిపారు. సోమవారం ప్రేయరు బెల్లుకు సుజాత బడిలో ఉంది.

మరుసటి నెల నుంచి పేర్లు పిలవడం మానేద్దామనుకున్నాను. వెంటనే రామక్క నా మీదికి లేచింది. ఆమె మొగుడు సాయంత్రమైతే సారా కొట్టు దగ్గర ఉండే మనిషి.

"ఏమక్కా, పిలవకుంటే మాకెట్ల తెలుస్తాది? నా మొగుడు చీటీ తెచ్చి, బియ్యం తీసకపోయి తాగేస్తే? నువ్వు పిలిస్తేనే గదా నేను పరిగెత్తుకోని వచ్చేది!"

ఆమె మాటా నిజమే. నా కేక ఒక ఇంటికి అన్నం దూరం చేస్తే, ఇంకో ఇంటికి కాపలా కాసింది. అందుకని ఒక్కొక్క తల్లినీ విడిగా అడిగాను, పిలవాలా వద్దా అని. వద్దన్నవాళ్ల చీటీ మూలన చిన్న చుక్క పెట్టేదాన్ని. వాళ్లు పెరటి వైపు నుంచి వచ్చి తీసుకుపోయేవాళ్లు. అచ్చమ్మ పెద్దమ్మ ఇల్లు ఒక్కటే అనుకున్నాను గానీ, ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు వద్దన్నారు. అందులో మూడు కూలి ఇళ్లు. వాళ్లకు అలవాటేలే, వాళ్లకేమి సిగ్గు అని అన్నేళ్లూ నేను అనుకుంటూ వచ్చిన ఇళ్లవి. అందరి తూకాలూ సాయంత్రం కలిపి, ఈరోజు ఇంతమంది పిల్లలకు ఇన్ని కిలోలు అని మాత్రం చదివేదాన్ని. అదీ కొంచెం గొంతు తగ్గించే.

2003 మొదట్లో బడుల్లోనే వంట మొదలైంది. సంచీ లేదు, చీటీ లేదు. బియ్యం నా షాపు నుంచి నేరుగా బడికి పోయేవి, పొదుపు సంఘం ఆడవాళ్లు వండేవాళ్లు. అప్పటికి సుజాత కళ్యాణదుర్గంలో ఏడో తరగతి చదువుతోంది. రోజూ రోడ్డు దాకా నడిచి బస్సెక్కేది. చిన్నవాళ్లిద్దరూ మా ఊరి బడిలోనే ఉన్నారు.

మొదటి రోజు పొద్దున్నే బస్తా వేయించుకుని నేనూ బడికి పోయాను. మూడు రాళ్ల పొయ్యి మీద ఎసరు పెట్టారు. బియ్యంలో చూస్తే బోలెడు రాళ్లు. ఎవరు ఏరాలని సంఘంవాళ్లు వాదించుకుంటుండగా, ఊరి నడివీధిలోంచి అచ్చమ్మ పెద్దమ్మ వస్తోంది. సందులోంచి కాదు, పెరటి వైపు నుంచి కాదు. అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా చూస్తుండగా, చేట చంకలో పెట్టుకుని మరీ వస్తోంది.

"ఏం పెద్దమ్మా, చేట యాడికి?" అన్నాను.

"నువ్వు అడగతావు గదా అని నేనే తెచ్చినా. నీ చేట ఎప్పుడూ చినిగిపోయే ఉంటాది."

బడి వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, చేట చేటకూ రాళ్లు ఏరి పోసింది. రామక్క పక్కన కూర్చుని నూక తీసింది. పన్నెండున్నరకు అన్నం ఉడికింది, పప్పు దిగింది. సారు బెల్లు కొట్టబోతుంటే అచ్చమ్మ పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. నా వైపు తిరిగింది.

"ఏమ్మే, గొంతు తగ్గించమంటే ఇంగ తెరిచేదే లేదా? పిల్లోల్లను పిలువు. మా ఇంటి కాడికి ఇనపడేట్ల పిలువు."

బడిలో బియ్యం సంచికి పోయడం మంచిదా, చీటీ ఇవ్వడం మంచిదా అని ఆ తర్వాత చాలామంది అధికారులు నన్ను అడిగారు. తూకం సరిగ్గా ఉండడం సగం పనేనని, తీసుకునేవాళ్లు తలెత్తుకుని ఇంటికి పోయేలా ఇవ్వడం మిగతా సగమని నేను చెప్పేదాన్ని. రాసుకున్నవాళ్లున్నారు, నవ్వి ఊరుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ సంగతి నేర్పింది అచ్చమ్మ పెద్దమ్మే.

ఆ రోజు బడి మెట్ల మీద నిలబడి, మూడేళ్లుగా దాచుకున్న గొంతు మొత్తం తెరిచాను. ఎవరి పేరూ చెప్పలేదు.

"పిల్లోల్లూ, బువ్వకు రాండి!"

అందరూ వచ్చారు.